బైరి వచ్చిన రోజు

నవంబరు 2, 1948. మంగళవారం

చలి మొదలయింది. పొద్దున్నే ట్యాంక్‌బండ్ మీద నడుస్తుంటే రెల్లులోంచి పిల్లిగద్ద లేచింది. ఈ ఏడాదికి ఇదే మొదటిది. నిజాం రాజ్యం పోయిన సంగతి పక్షులకు ఎవరూ చెప్పినట్టు లేరు. ఎప్పటిలాగే దీపావళి నాటికి దిగిపోయాయి.

స్టూడియోలో గిరాకీ బాగానే ఉంది. మిలిటరీ కుర్రాళ్లు ఇంటికి పంపుకోవడానికి ఫోటోలు దిగుతున్నారు. రాంగోపాల్‌పేట మొత్తంలో మీసాలు నా ఫోటోల్లోనే బాగా పడతాయని ఒకడు మెచ్చుకున్నాడు. వాళ్లకు మామూలు ఫిల్ము చాలు. మంచి గాజుప్లేట్లు పదకొండే మిగిలాయి. ఇండియా సరుకుల దారులు మూసేసిన నెలల్లో కొత్తవి రాలేదు. వాటిని మనుషుల మీద ఖర్చు పెట్టేది లేదు.

జాన్ సాహెబ్ ఇంకా రాలేదు.

నవంబరు 5, శుక్రవారం

రాలేదు.

నవంబరు 9, మంగళవారం

జాన్ సాహెబ్ భార్య ఖమర్ బీ స్టూడియోకు వచ్చింది. మిలిటరీ కుర్రాడు స్టూలు మీద కూర్చుని ఉంటే, అతను పోయేదాకా గుమ్మం బయటే నిలబడింది.

“అన్నా, దఫ్తర్ల పేరు రాయిచ్చిన. తప్పిపోయినోళ్ల దఫ్తర్ షురూ చేసిన్రు గద. మనిషి ఎట్లుంటడు, ఫోటో తెమ్మన్నరు. మీ కాడ ఉంటది గదా?”

తొమ్మిదేళ్లు నా వెంట తిరిగిన మనిషి. ఉండాలి కదా మరి. వెతుకుతానన్నాను.

“యేడికి పోయిండని సుత అడిగిన్రు. మీరు చెప్పినట్టే చెప్పిన, సంగారెడ్డిల అక్క ఇంటికి అని.”

అవునన్నాను. అక్కను చూసి వస్తానని జాన్ సాహెబ్ అన్నాడు. అన్నమాట నిజం.

నవంబరు 11, గురువారం

రాత్రి అన్నం దగ్గర ప్రేమమణి అడిగింది. “ఏమండీ, మేకుకి దుర్భిణి కనబడటం లేదేం?”

జాన్ సాహెబ్ దగ్గర ఉందన్నాను.

“అక్కగారింటికి దుర్భిణి ఎందుకూ?”

బడిలో పిల్లల్ని అడిగి అడిగి ఈవిడకు ఇంట్లోనూ అదే అలవాటయింది. పప్పులో ఉప్పు తక్కువయిందన్నాను. తక్కువ కాలేదు.

నవంబరు 12, శుక్రవారం

ఫోటో కోసం వెతికాను. లేదు. ప్లేట్ల పెట్టెలన్నీ తీసి చూశాను. నల్లగద్ద, కొరమీను గద్ద, పాముల గద్ద, గూట్లో గుడ్లగూబ పిల్లలు. కొరమీను గద్ద కన్ను పచ్చగా ఉంటుంది. బైరి డేగ కన్ను నలుపు, చుట్టూ పసుపు గీత. జాన్ సాహెబ్ ఎడమ కనుబొమ మీద ఒక మచ్చ ఉంది. ఎడమా, కుడా? చిన్నప్పుడు నవాబుగారి డేగలశాలలో డేగ గీరిన మచ్చ అది. వాళ్ల నాన్న అక్కడ డేగలకు తిండి పెట్టేవాడు. ఇంత తెలుసు, ఏ పక్కో తెలియదు.

నవంబరు 14, ఆదివారం

గుడిలో ఆరాధన అయ్యాక తిరుమలగిరి అవతలి గుట్టలకు పోయాను. రెండోవాడిగా దేవసహాయాన్ని తీసుకుపోయాను. పోస్టాఫీసులో రిటైరై, గుడిలో పాటల పుస్తకాలు పంచే పెద్దమనిషి. ఆయనకు పని వివరించేసరికి నా ప్రాణం తోకకొచ్చింది.

పని ఇంతే. పక్షికి లెక్క తెలియదు. పక్షి వాలే రాతికి ఎదురుగా కట్టిన గోనెగుడిసెలో ఇద్దరం కలిసి దూరతాం. కాసేపటికి రెండోవాడు ఒక్కడే బయటికొచ్చి, చేతులూపుకుంటూ, పాడుకుంటూ గుట్ట దిగిపోతాడు. వచ్చినవాళ్లు పోయారనుకుని పక్షి రాతి మీద వాలుతుంది. లోపలున్నవాడు ఇక కదలకూడదు. రెండోవాడు తిరిగొచ్చి తీసుకుపోయేదాకా, దాహమేసినా, కాళ్లు తిమ్మిరెక్కినా బయటికి రాకూడదు. వచ్చాడంటే గుడిసె గుట్టు పక్షికి తెలిసిపోతుంది. అది మళ్లీ ఆ గుట్ట ఛాయలకు రాదు.

అందుకే రెండోవాడు మాట మీద నిలబడేవాడు కావాలి. తొమ్మిదేళ్లలో జాన్ సాహెబ్ ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. నాలుగింటికి అంటే నాలుగింటికి కిందనుంచి ఈల వినిపించేది. వానలో కూడా.

దేవసహాయం గుట్ట దిగుతూ నాలుగుసార్లు వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. కింద చెట్టు నీడలో నిద్రపోయి ఆరింటికి వచ్చాడు. “క్షమించాలి తమ్ముడూ, కునుకు పట్టింది” అన్నాడు. రెండు గంటలు గోనె గుడిసెలో ముడుచుకుని కూర్చున్నాను. రాడేమో అని ఒక్క నిమిషం కూడా అనుకోలేదు. లోపలున్నవాడు అలా అనుకోడు.

పక్షి రాలేదు.

నవంబరు 17, బుధవారం

బైరి వచ్చింది! పదకొండు గంటలకు, సరిగ్గా రాతి అంచున. మంచి వెలుతురు. రెండు ప్లేట్లు. ఈ ఏడాదిలో ఇంత సంతోషం లేదు. దేవునికి స్తోత్రం.

నవంబరు 18, గురువారం

ప్లేట్లు కడిగాను. ఒకటి కదిలింది. రెండోది అద్భుతం. మీసంలాంటి నల్లచార, రొమ్ము మీద ఒక్కో గీత, గోళ్ల కింద రాతి గరుకు కూడా పడింది. మేజర్ దొర ఇంగ్లండు పోతూ తన దుర్భిణి, పెద్ద లెన్సు నాకిచ్చి, వేటపక్షులన్నీ పూర్తయితే పుస్తకం వేయిస్తానన్నాడు. బైరి ఒక్కటే తక్కువ. ఇప్పుడు అదీ అయింది. ఇంటి వెనకే, తిరుమలగిరిలో దొరికింది.

ఇంటి వెనకే దొరికింది.

మధ్యాహ్నం ఖమర్ బీ వచ్చింది. మరిది మౌలా అలీ సంగారెడ్డికి రెండు మాట్లు పోయొచ్చాడట. “వదినె కసం తిని చెప్పింది, ఆయన ఆ గడప తొక్కనేలేదట. గంత దూరంల యేమయిండన్నా? బస్సుల ఏమన్న అయిందా? నాకు దిమాక్ పనిచేస్తలేదు.”

ఆరేస్తున్న బైరి బొమ్మను చూసి, “గిదేనా బైరీ? ఆయన కలల సుత గిదే పేరు కలవరిస్తుండె” అంది.

ఫోటో ఇంకా వెతుకుతున్నానని చెప్పాను.

నవంబరు 19, శుక్రవారం

సంగారెడ్డి మాట నేను పుట్టించింది కాదు. ఆయనే అన్నాడు. వస్తూ అక్కను చూసి వస్తానన్నాడు.

వస్తూ.

నవంబరు 21, ఆదివారం

ఇది ఎవరూ చదవని పుస్తకం. పక్షుల నోటుబుక్కును వెనకనుంచి తిప్పి రాసుకుంటున్నాను. ఇక్కడ కూడా నిజం రాయకపోతే ఇక ఎక్కడ రాస్తాను?

సెప్టెంబరు 27, సోమవారం. సైన్యం వచ్చి పదిరోజులయింది. రేడియోలో అంతా శాంతంగా ఉందంటున్నారు. బీదరు వైపు, జహీరాబాదు స్టేషనుకు ఆరు కోసుల లోపల, బురుజుగడ్డ అని ఒక పల్లె ఉంది. పక్కనే పడిపోయిన కోట బురుజు. ఉత్తరం నుంచి దిగే బైరీలు అన్నిటికన్నా ముందు ఆ బురుజు మీద వాలతాయని జాన్ సాహెబే నాకు చెప్పాడు. ముందుగా పోయి, వచ్చిందో లేదో చూసి, గుడిసె ఎక్కడ కట్టాలో గుర్తు పెట్టి రమ్మన్నాను.

“ఇప్పుడొద్దు సాబ్. జెర ఠైరుదాం. అటు దిక్కు గరంగరం ఉన్నదంటున్రు. బైరీ యేడికి పోతది? మళ్ల ఏడు సుత వస్తది గద.”

నేను నవ్వాను. అవును, నవ్వాను. “పోలీసు చర్య అయిపోయింది భాయ్, భయపడేవాళ్లు భయపడనీ, నీకేంటి” అన్నాను. నా పుస్తకం, నా పన్నెండో పక్షి, నా మేజర్ దొర. ఇంకో మాట కూడా అన్నాను. డేగలశాలలో పుట్టినవాడివి, డేగ కోసం నాలుగడుగులు వేయలేవా అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఆ ముఖం మాత్రం నాకు గుర్తుంది. మచ్చ ఎడమవైపే.

మేకు మీదినుంచి దుర్భిణి తీసి ఆయన మెడలో నేనే వేశాను.

“సరే సాబ్. వస్తవస్త సంగారెడ్డిల అక్కను సుత చూసొస్త” అన్నాడు. మెట్లు దిగి పోయాడు.

అక్టోబరు మొదట్లో ఖమర్ బీ వచ్చి ఏడికి పోయాడని అడిగితే సంగారెడ్డి అన్నాను. రెండు రోజుల్లో వస్తాడు కదా, నేను పంపానని ఎందుకు చెప్పడం అనుకున్నాను. అప్పుడే బీదరు వైపునుంచి ఘోరమైన మాటలు వినవస్తున్నాయి. ఒకసారి సంగారెడ్డి అన్నాక మళ్లీ మార్చడానికి నోరు రాలేదు. వారం, రెండు వారాలు గడిచేసరికి అదే నిజమన్నట్టు నేనూ అనుకోసాగాను.

చెప్పాలి.

నవంబరు 22, సోమవారం

చెప్పలేదు. గ్రూపు ఫోటో ఉంది, పదహారుమంది. తీరిక దొరకలేదు.

నవంబరు 25, గురువారం

ఖమర్ బీ వచ్చింది. నేను చీకటిగదిలో ఉండి, లేనని చెప్పించాను. ఎర్రదీపం కింద నిలబడి ఆమె చెప్పులు మెట్లు దిగే చప్పుడు విన్నాను.

నవంబరు 28, ఆదివారం

దొరికింది. పనికిరానివని పక్కన పడేసిన వాటిలో, మూడేళ్ల కిందటి ప్లేటు. పాముల గద్ద వాలే ముందు, గురి సరిచూసుకోవడానికి తీసింది. దూరంగా గుట్ట దిగిపోతూ జాన్ సాహెబ్. భుజం మీద తువ్వాలు, ఒక చెయ్యి గాల్లో. పాడుకుంటూ ఉండాలి. వీపు మాత్రమే. ముఖం లేదు.

తొమ్మిదేళ్లు నేను ఆయన్ని చూసింది ఇలాగే, గోనె కన్నంలోంచి, దూరంగా పోతుండగా. ముఖం చూడాలని ఎప్పుడూ తోచలేదు. సాయంత్రం నాలుగింటికి ఆ ముఖమే వచ్చి గోనె ఎత్తేది, “నిమ్మళంగ లేవండ్రి సాబ్” అనేది. అప్పుడు నేను ప్లేట్ల లెక్క చూసుకుంటుండేవాణ్ని.

నాకు సిగ్గుగా ఉంది.

డిసెంబరు 3, శుక్రవారం

పెద్ద కాగితం మీద అచ్చువేసి ఇచ్చాను. ఖమర్ బీ చాలాసేపు చూసింది.

“ఆయనే. నడకల కుడికాలు జెర ఎత్తేస్తడు, గదో.” కొంగుతో కళ్లు తుడుచుకుంది. “దఫ్తరోళ్లు మొఖం కావాలంటరు. అయినా మంచిదే అన్నా. నాకుంటది.”

సంచీలోంచి గిన్నె తీసింది. సేమ్యా. “మీకు మస్తు తక్లీఫ్ ఇస్తున్న. మీరొక్కరే మాకు దిక్కు. సొంత అన్న లెక్క” అంది.

తిన్నాను. ఆమె చూస్తుండగా గిన్నెడు తిన్నాను. ప్రతి ముద్దకూ చెబుదామనుకుంటూ తిన్నాను.

డిసెంబరు 5, ఆదివారం

బల్ల ఆదివారం, గుడిలో ప్రభురాత్రి భోజనం. రొట్టె నా దగ్గరికి వచ్చింది. చెయ్యి చాపలేకపోయాను. దేవసహాయం చూసి ముఖం తిప్పుకున్నాడు. ప్రేమమణి చూసి తిప్పుకోలేదు.

మారేడ్‌పల్లి దాకా నడిచాం. గేటు దగ్గర ఆగింది. “ఆ రోజు నేను వంటింట్లోనే ఉన్నానండీ. మీరు నవ్విందీ విన్నాను, అన్నదీ విన్నాను. మీరే చెబుతారని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. అది నా తప్పు. రేపు మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?”

“నేనే చెబుతాను” అన్నాను.

“అయితే ఇవాళే పడుకోబోయే ముందు ప్రార్థన చేసుకోండి. నేను కూడా చేసుకుంటాను” అని లోపలికి పోయింది.

డిసెంబరు 6, సోమవారం

చెప్పాను.

వాళ్లింటికి పోయాను. జాన్ సాహెబ్ ఇంటికి నేను పోవడం ఇదే మొదలు. తొమ్మిదేళ్లూ ఆయనే మా ఇంటికి వచ్చేవాడు. ఖమర్ బీ చాప వేసింది. మౌలా అలీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బల్లమీద నేనిచ్చిన వీపు ఫోటో ఉంది, దానికి సాంబ్రాణి కడ్డీ పొగ పట్టించారు.

సంగారెడ్డి కాదన్నాను. బురుజుగడ్డ అన్నాను. నేనే పంపానన్నాను, వద్దన్నా పంపానన్నాను. దుర్భిణి సంగతి చెప్పాను.

మౌలా అలీ లేచి నిలబడ్డాడు. “దుర్భిణా? మెడల దుర్భిణి ఏసుకొని, తుర్కోడు, బురుజెక్కి చుట్టూ చూస్తుంటే, ఆ దినాలల్ల, యేమనుకుంటరు సాబ్? రజాకారోడు కావలి కాస్తుండనుకోరా?”

నాకు ఆ ఆలోచనే రాలేదు. నిజంగా రాలేదు. నాకు దుర్భిణి అంటే పక్షులే.

ఖమర్ బీ అరవలేదు, ఏడవలేదు. “ఏ టేషన్ల దిగాలె?” అంది.

“జహీరాబాదు.”

“ఆడికెల్లి?”

కాగితం మీద దారి గీసి ఇచ్చాను. నేనూ వస్తానన్నాను.

“ఒద్దు. మీరొస్తే మిమ్ముల చూసుకునుడే అయితది మాకు” అన్నాడు మౌలా అలీ.

ఆమె కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. నన్ను ‘అన్నా’ అని పిలవలేదు.

డిసెంబరు 8, బుధవారం

పోయారు. పొద్దుటి రైలుకు.

డిసెంబరు 11, శనివారం

తిరుమలగిరి గుట్ట మీద బైరి తిరుగుతోందని దేవసహాయం వచ్చి చెప్పాడు. తిరగనీ అన్నాను.

డిసెంబరు 13, సోమవారం

ఎదురుచూస్తున్నాను. బతికే ఉండొచ్చు. ఏ ఊళ్లోనో దాక్కుని ఉండొచ్చు. గట్టి మనిషి. అడవిలో వేళ్లు తిని బతకగలడు.

డిసెంబరు 16, గురువారం

వచ్చారు. మధ్యాహ్నం స్టూడియోకు వచ్చారు. నేను తలుపు గడియ పెట్టాను. ఖమర్ బీ ఫోటోలు దిగేవాళ్లు కూర్చునే స్టూలు మీద కూర్చుంది. మౌలా అలీ నిలబడే ఉన్నాడు. ఆమె సంచీలోంచి దుర్భిణి తీసి బల్ల మీద పెట్టింది. ఒక గాజు పగిలిపోయింది.

“మీ సామాను” అంది.

తర్వాత ఆమె చెప్పిందంతా ఉన్నది ఉన్నట్టు రాస్తాను. రాయకుండా తప్పించుకునే హక్కు నాకు లేదు.

మౌలా అలీ అన్నట్టే జరిగింది. బురుజు మీద దుర్భిణితో ఉన్న మనిషిని చూసి, ఎక్కడినుంచో వచ్చిన గుంపు కొట్టింది. తుంటి విరిగింది. చచ్చాడనుకుని వదిలేసి పోయారు. చీకటి పడ్డాక గొర్రెలు కాసుకునే ముసలామె, కమలాబాయి, ఒక్కతే ఈడ్చుకుపోయి తన గొర్రెల దొడ్డిలో, గడ్డి వెనక దాచింది. ఎవరికైనా తెలిస్తే తననూ చంపుతారని ఊళ్లో చెప్పలేదు. జొన్న గటక పోసింది, పసుపు కట్టింది. అలా ఏడు వారాలు.

“ఏడు వారాలా?” అన్నాను.

“ఏడు వారాలు” అంది ఖమర్ బీ. “ముసలామె అడిగిందట, సికింద్రాబాదుకు పొయ్యేటోళ్లు దొరికితే మీ ఇంటికి కబురు పంపుదునా అని. ఒద్దన్నడట. ఎవరి నోట్ల పడ్డా నీకు తక్లీఫ్ అయితది అన్నడట. మా సాబ్‌కు నేనేడున్ననో ఎరుకే, ఆయనే పంపిండు, ఆయనే వస్తడు, వచ్చేదాక నేను బయటికి రావద్దు, మా పనే గట్లుంటది అని చెప్పిండట.”

ఆమె గడియ పెట్టిన తలుపు వైపు చూసింది.

“దినాం పొద్దుగూకే యాళ్లకు దొడ్డి తలుపు దిక్కు చూసేటోడట. నాలుగయ్యిందా అని అడిగేటోడట. ఆమెకు గంటలేం తెలుసు పాపం. అయ్యింది కొడుకా అనేదట.”

“ఎప్పుడు...” అన్నాను.

“గాయం కుళ్లి జ్వరమొచ్చింది. కార్తీక పున్నమి దాటిన తెల్లారి, పొద్దుగాల, పానం పోయిందట. గొర్రెలను పున్నానికి పున్నానికి లెక్క పెట్టుకుంటదట, అందుకే గుర్తున్నదన్నది.” ఖమర్ బీ లేచింది. “మట్టి చేసిన జాగ చూసొచ్చినం. ఫాతెహా చదివొచ్చినం.”

గుమ్మం దగ్గర ఆగింది. “నేను మీ కాడికి ఫోటోకొచ్చిన మొదటి దినం యాదికున్నదా సాబ్? అప్పటికి ఆయన ఉన్నడు.”

మెట్లు దిగిపోయారు.

రాత్రి

ప్రేమమణి పక్కన కూర్చుని ఉంది. చెయ్యి నా వీపు మీద ఉంచింది.

గోడమీది క్యాలెండరు చూశాను. కార్తీక పున్నమి నవంబరు పదహారు. ఖమర్ బీ ఫోటో కోసం మొదటిసారి వచ్చింది తొమ్మిదిన. అప్పటినుంచి ఆయన పోయేదాకా ఎనిమిది రోజులు. జహీరాబాదుకు రైల్లో సగం రోజు, అక్కడినుంచి నడక సగం రోజు. ఒక్క మాట చెప్పి ఉంటే పదిన దొడ్డి తలుపు తెరిచేవాళ్లం. డాక్టరు దగ్గరికి తెచ్చేవాళ్లం.

పున్నమి దాటిన తెల్లారి, పదిహేడు. బుధవారం.

ఆ రోజు నేనేం చేస్తున్నానో చూద్దామని ఈ పుస్తకమే వెనక్కి తిప్పాను. ఉంది. రాశాను. బైరి వచ్చింది, మంచి వెలుతురు, ఈ ఏడాదిలో ఇంత సంతోషం లేదు.

దేవునికి స్తోత్రం అని కూడా రాశాను. ఆ రోజు చేతిరాత చాలా బాగుంది.